విప్పితే తెలిసే పనితనం

*పిడి ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించుకునే కత్తి. పుదుపేట పాత ఇనుము కొట్లలో మొదలై అంబత్తూరు షెడ్డులో పూర్తయిన ఒక తొలి ప్రయత్నం. ఉక్కుకు పేరిచ్చిన నేల మీద చేతిపని ఎక్కడ ఆగిపోయిందో వెతుక్కున్న కథ.*

చెన్నై పెరంబూరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి, దాని మీద కొత్త కత్తి పెట్టాను. అమ్మ బెండకాయల బుట్ట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కత్తి చేతిలోకి తీసుకుని బరువు చూసింది. పదును మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసింది.

"బాగుందిరా. ఎంతకు కొన్నావు?"

"కొనలేదమ్మా. నేనే చేశాను."

ఆమె నమ్మలేదు. పిడి వెనకున్న ఇత్తడి నట్టును రెండు వేళ్లతో పట్టుకుని ఎడమకు తిప్పాను. ఆరు చుట్లకు ఊడి చేతిలోకి వచ్చింది. పిడి జారింది. దాని వెంట తోలు వాషరు, ఇత్తడి గార్డు వచ్చాయి. నిమిషం తిరక్కుండా కత్తి ఐదు ముక్కలై పేపరు మీద పడుకుంది.

"అయ్యో! అప్పుడే విరగ్గొట్టావా!"

విరగలేదని, అది విప్పడానికే చేసిన కత్తి అని చెప్పి, ఒక్కో ముక్కా వరసగా ఎక్కించి మళ్లీ బిగించాను. అమ్మ ఊపి చూసింది. ఎక్కడా కదలలేదు. "మరి ఆ అటక మీద పడేసిన నా కత్తిని ఇట్లా ఎందుకు చెయ్యలేదు వాళ్లు?" అంది. పిడి లోపల నీళ్లు దిగి, తుప్పు పట్టి, ఒకనాడు గుమ్మడికాయ కోస్తుంటే పుటుక్కున విరిగిన ఆమె పాత కత్తి ఇంకా అటక మీదే ఉంది. ఆమె అడిగిన ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం.

ఊరంతా ఇనుము మాట

2025 జనవరి 23న చెన్నై కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఒక పురావస్తు నివేదిక విడుదల చేశారు. తూత్తుకుడి జిల్లా శివగళై తవ్వకాల్లో ఇనుముతో పాటు దొరికిన నమూనాలను పరీక్షిస్తే వాటి వయసు 5,300 ఏళ్ల దాకా తేలిందని ఆ నివేదిక చెప్పింది. అంతకు ముందే, 2022లో, తెలుగువాళ్లు చాలామంది ఉండే కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారై ఇనుముకు 4,200 ఏళ్ల వయసు లెక్కగట్టారు. ఈ కాలనిర్ణయాల మీద పండితుల చర్చ ఇంకా నడుస్తోంది. ఏమైనా ఇనుము మళ్లీ మన మాటల్లోకి వచ్చింది.

ఇంకోవైపు, 2015లో అమెరికాలో మొదలైన 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' లాంటి టీవీ పోటీలు, కొలిమి ముందు కూర్చుని తీసిన వీడియోలు చూసి, చేత్తో కత్తి చేయాలనే ముచ్చట మన పిల్లల్లోనూ పుడుతోంది. వేల ఏళ్ల నాటి ఇనుమును తలచుకుని గర్వపడుతున్నాం. మంచిదే. మరి ఇవాళ మన వంటింటి కత్తి పిడి ఊడితే బాగుచేసే మనిషి ఏ వీధిలో ఉన్నాడో చెప్పగలమా? నేను చెప్పలేకపోయాను. అందుకే నేర్చుకోవడానికి బయల్దేరాను.

> టేక్‌డౌన్ కత్తి అంటే?
> మామూలు కత్తికి పిడిని జిగురుతోనో, రివెట్లతోనో శాశ్వతంగా బిగిస్తారు. టేక్‌డౌన్ కత్తిలో జిగురు ఉండదు. బ్లేడు వెనక సన్నటి తోక ఉంటుంది. దాని చివర మరలు తీసి ఉంటాయి. తోక మీదికి గార్డు, వాషరు, పిడి వరసగా ఎక్కించి చివర నట్టు బిగిస్తారు. నట్టు విప్పితే మొత్తం విడిపోతుంది. శుభ్రం చేసుకోవచ్చు, నూనె రాయవచ్చు, పిడి పాడైతే పిడినే మార్చుకోవచ్చు.

పుదుపేటలో దొరికిన బ్లేడు

ఎగ్మూరు పక్కన, కూవం నది ఒడ్డున పుదుపేట. పాత బండ్లను విప్పి అమ్మే చోటు. డోర్లు, గేరుబాక్సులు, సైలెన్సర్లు దారికి రెండువైపులా గుట్టలుగా ఉంటాయి. కాళ్ల కింద నేల నూనెతో నల్లగా మెరుస్తుంటుంది. నాకు కావలసింది లారీ కమాన్ పట్టీ. ఏళ్ల తరబడి టన్నుల బరువు మోస్తూ వంగి లేచిన స్ప్రింగు ఉక్కు అది. అందులో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం. తొలి కత్తికి చక్కగా సరిపోతుంది.

కొట్టు యజమాని తూకం వేయబోతుంటే నాతో వచ్చిన పెద్దాయన ఆపారు. నెల్లూరు జిల్లా నుంచి నలభై ఏళ్ల కిందట ఇక్కడికి వచ్చిన టర్నరు ఆయన. అంబత్తూరులో చిన్న షెడ్డు నడుపుతున్నారు. పేరు రాయొద్దన్నారు. అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. పట్టీని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండకు అటూ ఇటూ తిప్పి, ఒక చోట వేలు పెట్టి చూపించారు. వెంట్రుక మందం చీలిక. "ఇది వద్దు నాయనా. నువ్వు ఎంత బాగా చేసినా ఇక్కడే విరుగుతుంది." నాలుగోది బాగుందన్నారు.

పుదుపేట నుంచి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం నడిచి వెళ్లేంత దూరం. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో తంజావూరు ఆయుధశాల నుంచి వచ్చిన కఠారులు, కత్తులు ఉన్నాయి. తంజావూరును ఏలిన నాయక రాజులు తెలుగువాళ్లు. ఆ అద్దాల ముందు చాలాసేపు నిలబడ్డాను. సంచిలో పాత కమాన్ పట్టీ, కళ్లెదుట ఒకప్పటి కమ్మరుల చేతిపని.

మన దేశపు తల్వార్ల పిడిని లక్కతో బిగించేవారు. పిడిని కాస్త వేడిచేస్తే లక్క కరిగి కత్తి బయటికి వస్తుంది. సాన పట్టి, మళ్లీ లక్క పోసి బిగించేవారు. జపాన్ కత్తుల పిడికి వెదురు మేకు ఒకటే ఆధారం. అది తీస్తే పిడి ఊడి, తోక మీద చెక్కిన కమ్మరి సంతకం కనిపిస్తుంది. ఆ తోక మీది పాత తుప్పును అక్కడివాళ్లు ఎన్నడూ తుడవరు. కత్తి వయసు చెప్పేది ఆ తుప్పే. విప్పదీసే కత్తి కొత్త ఆలోచన కాదని, బాగుచేసుకునే అలవాటున్న చోటల్లా అది పుట్టిందని అక్కడే నాకు అర్థమైంది.

కొలిమి ముందు మూడు ఆదివారాలు

మొదటి ఆదివారం పట్టీని ఎర్రగా కాల్చి, బూడిదలో పాతిపెట్టి, రాత్రంతా మెల్లగా చల్లారనిచ్చాం. అలా చేస్తే ఉక్కు మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది. మర్నాడు మళ్లీ కాల్చి, దాగలి మీద పెట్టి సాగగొట్టాం. పెద్దాయన పటకారుతో పట్టుకుని చిన్న సుత్తితో చోటు చూపిస్తే, అక్కడే సమ్మెట వేయడం నా పని. పది దెబ్బలకే భుజాలు పట్టేశాయి. సాయంత్రానికి పది మిల్లీమీటర్ల పట్టీ మూడు మిల్లీమీటర్లకు దిగింది. అయిదు అంగుళాల బ్లేడు, నాలుగు అంగుళాల తోక గీసి, హాక్సాతో కోసి, ఆకురాయితో వాలు తీశాను.

రెండో ఆదివారం పదును పోసే పని. కొలిమిలో బ్లేడు చెర్రీ పండు రంగుకు వచ్చాక సూదంటురాయి దగ్గర పెట్టి చూడాలి. దాదాపు 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఉక్కు అయస్కాంతానికి అంటుకోదు. ఇంకొంచెం, 830 నుంచి 860 డిగ్రీల దాకా కాల్చి, గోరువెచ్చటి నూనెలో నిలువుగా ముంచాలి. మేం వేరుశనగ నూనె వాడాం. ఒక్కసారిగా మంట లేచి ఆరింది. షెడ్డంతా పండగ పూట బాణలి వాసన. బయటికి తీసి ఆకురాయి వేస్తే గాజు మీద జారినట్టు జారింది. ఉక్కు గట్టిపడింది.

అలా గట్టిపడిన బ్లేడు పెళుసుగా ఉంటుంది. కింద పడితే గాజులా పగులుతుంది. అందుకని మా ఇంటి ఓవెనులో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు కాల్చాను. బ్లేడు మీద ఎండుగడ్డి రంగు పొర వచ్చింది. పెళుసు పోయి సత్తువ మిగిలిందని ఆ రంగు చెబుతుంది.

ఇక్కడే తప్పు చేశాను. తోకకు మరలు ముందే తీసుకోవాలి. నేను తోకతో సహా మొత్తం గట్టిపరిచి, ఆ తర్వాత మర డై తిప్పబోయాను. టక్కుమని డై పన్ను విరిగింది. పెద్దాయన కోప్పడలేదు. బ్లేడును తడిగుడ్డలో చుట్టి, తోక చివర మాత్రం మళ్లీ ఎర్రగా కాల్చి బూడిదలో గుచ్చారు. గంట తర్వాత కొత్త డైతో సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ, నూనె చుక్కలు వేస్తూ ఆరు మిల్లీమీటర్ల మర తీశాను. "తొందరపడితే ఇనుము చెప్తుంది" అన్నారు.

వెలుగు దూరే సందు

మూడో ఆదివారమంతా గార్డుకే పోయింది. చెయ్యి బ్లేడు మీదికి జారకుండా అడ్డుండే ఇత్తడి బిళ్లే గార్డు. బ్రాడ్‌వే వెనక సందుల్లో ముక్క కొనుక్కొచ్చాను. మూడు మిల్లీమీటర్ల కంటే కాస్త సన్నటి డ్రిల్లుతో పక్కపక్కన నాలుగు రంధ్రాలు వేసి, మధ్య గోడలు తీసేసి, సూది ఆకురాయితో పొడుగు కంత చేయాలి. కంత తోక మీదికి బిగువుగా ఎక్కి, బ్లేడు భుజాలకు అతుక్కుని ఆగాలి.

ఎక్కడ తగులుతోందో తెలియడానికి బ్లేడు భుజాలకు దీపం మసి పట్టించి, గార్డు ఎక్కించి తీయాలి. ఇత్తడికి మసి అంటిన చోట ఆకురాయితో రెండు గీతలు గీయాలి. మళ్లీ మసి, మళ్లీ ఎక్కించడం, మళ్లీ గీయడం. ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టడం ముప్పై దగ్గర మానేశాను. చివరికి ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాం. కుడి పక్క నల్లగా, సందు లేకుండా ఉంది. ఎడమ పక్క కింది మూలలో దారమంత వెలుగు.

"ఇంకో గంట పని" అన్నారు పెద్దాయన.

చేతులు లాగేస్తున్నాయి. "కింది మూలే కదా పెద్దాయనా, ఎవరు చూస్తారు?" అన్నాను.

ఆయన గార్డును నా అరచేతిలో పెట్టారు. "మూసిపెట్టినంత మాత్రాన సందు పోదు నాయనా. నీ ఇష్టం." నేను ఆ రోజు ఆ సందును అలాగే వదిలేశాను.

పిడికి తుమ్మ కర్ర. మన పల్లెల్లో బండి చక్రాలకు, పనిముట్ల పిడులకు వాడిన కర్ర అది. ముందు నుంచి రెండు రంధ్రాలు దించి, పాత హాక్సా బ్లేడుతో లోపల గీకి, తోక ఆకారానికి దారి చేశాను. గార్డుకు, పిడికి మధ్య రెండు సన్నటి ఇత్తడి పుల్లలు పెట్టాం. విప్పి మళ్లీ బిగించినప్పుడు పిడి అంగుళంలో నూరో వంతు కూడా పక్కకు తిరగకుండా పట్టుకునేవి అవే. తోలు వాషరు ఎందుకంటే, కర్ర వానల్లో ఉబ్బుతుంది, కత్తిరి ఎండల్లో కుంచించుకుపోతుంది. ఆ తేడాను తోలు మింగేస్తుంది.

> మొదటిసారి చేసేవాళ్లకు
> • పాత ఇనుములో కనిపించని చీలికలుంటాయి. తెలిసినవాళ్లకు చూపించి కొనండి.
> • గ్రైండరు దగ్గర కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వదులు బట్టలు, పైపంచె వద్దు.
> • నూనెలో ముంచేటప్పుడు డబ్బాకు మూత, పక్కన ఇసుక బకెట్టు ఉంచండి. మండే నూనె మీద నీళ్లు పోయకూడదు.
> • అమరిక పనులు చేసేటప్పుడు పదును పెట్టకండి. బ్లేడుకు గుడ్డ చుట్టి ఉంచండి. సాన పట్టడం ఆఖరి పని.

కొలిమి ఎందుకు ఆరింది?

అమ్మ ప్రశ్నకు వద్దాం. ఈ పనితనం మనకు కొత్తా? నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు ఉక్కు చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. ఇనుమును మట్టి మూసల్లో పెట్టి మూసి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి అక్కడ ఉక్కు ముద్దలు తీసేవారు. 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ వ్యాసం ఆ పద్ధతిని వివరించింది. ఆ ఉక్కు కోసం ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారిని తాను అక్కడ కలిశానని ఆయన రాశారు. డమాస్కస్ కత్తులుగా ప్రపంచం మెచ్చుకున్న వాటిలో ఎన్నింటికో ముడిసరుకు మన దక్షిణాది ఉక్కే.

> ఉక్కు నుంచి వూట్జ్
> తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' మాటే ఇంగ్లీషులో 'వూట్జ్' అయిందని పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు మీద పరిశోధన పత్రం సమర్పించారు. కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో దీని మీద ప్రయోగాలు చేశారు. ఇందులో కర్బనం సాధారణంగా 1.2 నుంచి 1.6 శాతం. తమిళనాడులో కొడుమణల్, మేల్‌శిరువలూరుల్లోనూ మూస ఉక్కు ఆనవాళ్లు దొరికాయి.

ఆ కొలిములు ఒక్క రోజులో ఆరలేదు. ఇంగ్లండు నుంచి చవక ఉక్కు ఓడల్లో దిగింది. 1878లో బ్రిటిష్ ఇండియాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఆయుధాల చట్టం, లైసెన్సు లేనిదే ఆయుధం పట్టుకుని తిరగరాదంది. రెండోది అడవుల చట్టం. 1882లో మద్రాసు రాజధానికి ప్రత్యేకంగా ఇంకో అడవుల చట్టం వచ్చింది. కత్తి కొనేవాడు తగ్గాడు, బొగ్గు కాల్చే అడవి దూరమైంది. కమ్మరికి కొడవలి, పార, నాగటి కర్రు మిగిలాయి.

అయినా ఊళ్లో ఒక మంచి పద్ధతి చాలాకాలం బతికింది. కొడవలి పిడి వదులైతే రైతు కమ్మరి దగ్గరికి వెళ్లేవాడు. కమ్మరి తోకను ఎర్రగా కాల్చి కొత్త కర్రలోకి దించేవాడు. అప్పటికప్పుడు డబ్బులు లేవు, పంట ఇంటికొచ్చాక మేర ధాన్యం. చేసిన మనిషి, వాడే మనిషి ఒకరికొకరు ఎదురుపడుతూ ఉండేవారు. వస్తువు చెడిపోతే ఎవరిని అడగాలో తెలిసేది. ఆ తర్వాత ప్లాస్టిక్ పిడుల కత్తులు వచ్చాయి. ప్లాస్టిక్‌ను కరిగించి బ్లేడు మీద పిడిగా పోతపోస్తారు. అది ఊడితే అతికించే దారి లేదు, పారేయడమే. అమ్మ కత్తిని విప్పేలా ఎందుకు చెయ్యలేదంటే, దాన్ని ఎవరూ బాగుచేస్తారని అనుకోలేదు కాబట్టి.

సైకిలు వెనక చక్రానికి బెల్టు కట్టి వీధుల్లో సాన పట్టే మనుషులు మా పెరంబూరులో ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తారు. ఒకాయనకు నా కత్తి చూపించాను. విప్పి, తోక మర చూసి, మళ్లీ బిగించాడు. "ఇట్లాంటివి పది మంది దగ్గరుంటే మాకు పని ఉంటుంది సార్" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుంది. బాగుచేసుకోగలిగిన వస్తువు ఒక్క ఇంటికే ఉపయోగపడదు. ఒక టర్నరుకు, ఒక వడ్రంగికి, సాన పట్టేవాడికి అన్నం పెడుతుంది.

> చట్టం ఏమంటుంది?
> మన ఆయుధాల చట్టం 1959 నాటిది. గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక అవసరాలకు కాకుండా చేసిన, 9 అంగుళాల కంటే పొడవైన లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన బ్లేడున్న కత్తులు దాని కింది నిబంధనల్లో ఆయుధాల జాబితాలో ఉన్నాయి. వంటింటి కత్తే ఎంచుకుని, కొలతలు తక్కువగా పెట్టుకోవడం తొలిసారి చేసేవాళ్లకు మంచిది. చేసిన కత్తిని జేబులో పెట్టుకుని తిరగడం ఎప్పుడూ వద్దు.

సముద్రం చెప్పిన నిజం

చెన్నైలో ఇనుము పనికి పెద్ద పరీక్ష గాలి. సముద్రపు ఉప్పు తేమ గోడ మేకును కూడా వదలదు. అందులోనూ నాది స్టెయిన్‌లెస్ కాని ఉక్కు. వాడిన ప్రతిసారీ కడిగి, తుడిచి, నూనె రాయాలి. బయట కనిపించే బ్లేడును అమ్మ అంతే శ్రద్ధగా చూసుకుంది.

అక్టోబరులో మొదలైన ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా పడ్డాయి. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మళ్లీ పేపరు పరిచాం. నట్టు కొంచెం బిగుసుకుంది, కర్ర ఉబ్బినట్టుంది. విప్పాను. తోక నల్లగా, నూనెతో శుభ్రంగా ఉంది. మర బాగుంది. గార్డు తీసి భుజాలు చూశాను. కుడి పక్క మెరుస్తోంది. ఎడమ పక్క కింది మూలలో, ట్యూబులైటు వెలుగు దూరిన సరిగ్గా ఆ చోట, మిరియపు గింజంత ఎర్రటి తుప్పు. నిమ్మకాయ రసం, మామిడికాయ పులుపు, వాన తేమ అన్నీ ఆ దారం సందు వెతుక్కుంటూ వెళ్లాయి.

జిగురుతో అతికించిన కత్తయితే ఆ తుప్పు నాకు ఎన్నటికీ కనిపించేది కాదు. లోపల్లోపల పెరిగి, అమ్మ పాత కత్తిలాగే ఒకనాడు విరిగేది. ఎవరూ చూడరనుకుని నేను వదిలేసిన గంట పని మూడు నెలలు అక్కడే కూర్చుని ఉంది.

వచ్చే ఆదివారం దాకా ఆగలేదు. మర్నాడు సాయంత్రమే ముక్కలన్నీ గుడ్డలో మూట కట్టుకుని అంబత్తూరు వెళ్లాను. పెద్దాయన తుప్పు చూసి ఏమీ అనలేదు. దీపం వెలిగించి, మసి పట్టిన రేకు నా ముందుకు జరిపారు. మసి, ఎక్కించడం, రెండు గీతలు. ట్యూబులైటుకు ఎదురుగా పట్టేసరికి రాత్రి తొమ్మిదైంది. ఈసారి రెండు పక్కలా నలుపే.

ఇప్పుడు నెలకోసారి ఆ కత్తిని విప్పేది అమ్మ. ముక్కల్ని వరసగా పేర్చి, కొబ్బరినూనె దూదితో తోక తుడుస్తుంది. మొన్న నేను హాల్లో ఉండగా వంటింట్లోంచి కేకేసింది. "ఒరేయ్, గార్డు కింద చూశాను. ఏమీ లేదు." తర్వాత నట్టు బిగుస్తున్న చప్పుడు వినిపించింది.